తెలుగు అక్షరాలు రానివాడు చదివిన చీటీ

దెయ్యాల వీడియోలు ఫార్వర్డ్ చేసేవాళ్లని నేను గ్రూపుల్లోంచి తీసేస్తాను. మా పిన్నిని కూడా తీసేశాను. ఇప్పుడు ఇది రాస్తే ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

నేను విశాఖలో పుట్టి పెరిగాను. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ట్రైనింగ్ ఇవ్వడం నా ఉద్యోగం. పోయిన చలికాలం ఒడిశాలోని రాయగడ జిల్లాలో, బిస్సమ్ కటక్ దాటాక ఉన్న ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లాను. పనివాళ్లంతా తెలుగువాళ్లేనని చెబితే ఫారాలన్నీ తెలుగులో ప్రింట్ చేయించుకుని వెళ్లాను.

పంచగానే హాలంతా నవ్వులు.

సూపర్వైజర్ సన్యాసిరావు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. యాభై దాటిన మనిషి. "ఏటమ్మీ, ఈ జిలేబీలు మాకెక్కడొస్తాయి? మాటాడ్డమే తెలుగు. సదివిందంతా ఒడియా మీడియం."

నాకు ఒళ్లు మండింది, ముఖ్యంగా ఆ "అమ్మీ"కి. కానీ తప్పు నాదే. ఫారాలు పక్కన పెట్టి స్లైడ్లతో మొదలుపెట్టాను.

మెషీన్ లోపలికి దిగి శుభ్రం చేసేవాడు ముందు స్విచ్‌కి తన తాళం వేసుకోవాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. అతను బయటికొచ్చి తీసేదాకా ఆ తాళం ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఇది చెప్పి, మేనేజ్‌మెంట్ పంపిన స్లైడ్ వేశాను. నలభై ఏళ్ల మనిషి ఫొటో, దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు, కింద ఒడియాలో ఏదో రాసి ఉంది. "అజాగ్రత్త ఫలితం" అని దాని అర్థమట. తాళం వెయ్యకుండా రోలర్ల మధ్యకి దిగి చనిపోయాడని రిపోర్టు. పేరు సింహాచలం.

మూడో వరసలో ఒకావిడ లేచి నిలబడింది.

"ఆడు తాళం ఎయ్యనేదని ఎవులు సూసేరు మేడమ్?"

"కూకో ఈశ్వరమ్మా," అన్నాడు సన్యాసిరావు. "సచ్చినోడి తప్పు సచ్చినోడిది."

ఆవిడ సింహాచలం భార్య అని, ప్యాకింగ్‌లో పని చేస్తుందని అప్పుడు తెలిసింది. ఆ స్లైడ్ నా చేత్తో నేనే వేశాను. వెంటనే తీసేశాను, కానీ అప్పటికే ఆవిడ చూసేసింది.

భోజనాల దగ్గర వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఆ బొమ్మ తీయించీండి," అంది. "నా కూతురు బడికెల్తే, మీ అయ్య బుద్ధి నేక సచ్చేడంట కదా అంటన్నారు. గుంట బడి మానేస్తానంటంది."

రిపోర్టు మారకుండా స్లైడ్ మార్చే అధికారం నాకు లేదు. సన్యాసిరావుని అడిగితే, "పై నుంచి వచ్చింది, అలాగే ఉంటది," అన్నాడు.

మధ్యాహ్నం మానసిక ఒత్తిడి మీద సెషన్. పనిలో మిమ్మల్ని బాధపెట్టేది పేరు లేకుండా చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యమన్నాను. అందరూ ఒడియాలో రాశారు. నాకు ఒడియా రాదు కాబట్టి సన్యాసిరావునే పైకి చదవమన్నాను. నా రిపోర్టు కోసం ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టాను.

"కేంటీన్ పప్పు నీల్లు నీల్లుగా ఉందంట. ఉప్పెక్కువని రాసినోడు ఇంకోడు. ముందు మీరిద్దరూ మాటాడుకోండ్రా!" అందరూ నవ్వారు. ఇంకో చీటీ తీశాడు. దాని మీద జోకు వెయ్యలేదు. వేలు పెట్టి, అక్షరం తప్పకుండా చదివాడు.

"నాను తాళం ఏసేను. సెవి నా జేబులోనే ఉంది. లోడు ఎల్లిపోవాలని సన్యాసిరావు తాళం కోసీసి ఎనక కాలవలో పారేసేడు. నాను లోపలున్నానని కేకేసేను. సన్యాసిరావు ఇన్నాడు. ఇనే స్విచ్ ఏసేడు."

ఆ చీటీ బల్ల మీద పెట్టి ఇంకోటి తీశాడు. "ఫ్యాన్ తిరగట్లేదంట," అని తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"ఏటర్రా, ఏటలా సూస్తన్నారు?"

నేను ఆ చీటీ అందుకున్నాను. తెలుగు అక్షరాలు, నీలం బాల్‌పెన్. ఆయన చదివిన మాటలే, ఒక్కటీ తేడా లేదు.

"ఈ ఫ్యాక్టరీలో తెలుగు రాయడం ఎవరికొచ్చు?" అని అడిగాను.

"మా ఆయనకే," అంది ఈశ్వరమ్మ. "టెక్కలి కాడ బడికెల్లేడు."

చీటీ ఎవరైనా బయట రాయించి డబ్బాలో వేసి ఉండొచ్చు. నేనూ ముందు అదే అనుకున్నాను. మరి ఈయన ఎలా చదివాడు? అదే చీటీ మళ్లీ చేతికిచ్చాను. తన పేరెక్కడుందో చూపించమన్నాను. చూపించలేకపోయాడు. వీడియో పెట్టి చూపించాను. "ఆ గొంతు నాది కాదు," అన్నాడు. గొంతు ఆయనదే. హాల్లో ముప్పైమందీ విన్నారు.

ఆ ముప్పైమందీ నా మాట కోసం ఆగలేదు. లేచి వెనక కాలవ దగ్గరికి వెళ్లారు. గంటసేపు బురద తోడితే, కొంకి కోసిన తాళం దొరికింది. ఈశ్వరమ్మ దాన్ని కొంగుతో తుడిచి తెచ్చి సన్యాసిరావు ముందు పెట్టింది.

"ఇప్పుడు సెప్పు, ఎవుడి తప్పు?"



తాళం ఫొటో, వీడియో ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కి పంపాను. రిపోర్టు మళ్లీ తెరిచారు. సన్యాసిరావుని పనిలోంచి తీసేసి కేసు పెట్టారు. స్లైడ్ తీసేస్తున్నానని ఈశ్వరమ్మకి ఫోన్ చేశాను.

"తియ్యకండి," అంది. "బొమ్మ మార్చండి. ఆడి బొమ్మ ఎట్టండి."

కేసు తేలలేదు, నేను అలా చెయ్యకూడదు. అయినా వీడియోలోంచి సన్యాసిరావు ముఖం కత్తిరించి, ఎర్ర ఇంటూ కింద పెట్టి ఆవిడకి పంపాను.

నెల తర్వాత సన్యాసిరావే ఫోన్ చేశాడు. తిడతాడేమో, తిరిగి తిడదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన నెమ్మదిగా అడిగాడు. "మేడమ్, ఆ సీటీ ఎనకాల ఇంకేటైనా రాసుందా?"

"ఉంది," అన్నాను. "తెలుగు నేర్చుకుని రండి. చదువుకుందురు గాని."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు.

చీటీ వెనక ఏమీ లేదు, తెల్ల కాగితం. ముందువైపు ఆయన ఎలా చదివాడని అడిగితే మాత్రం ఈ రోజుకీ నా దగ్గర సమాధానం లేదు.