కాలికి తెలిసే గాలి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే ఆయన చేసే మొదటి పని చెప్పులు విప్పడం. దేవుణ్ణి ఓసారి తలుచుకుని, ముందురోజు షెడ్డులో ఉండిపోయిన కార్లన్నిటిలోకీ ఒక్కొక్కటిగా ఎక్కి, ఒట్టి కాలితో బ్రేకు పెడల్ నొక్కి చూసేవాడు. టీ ఆ తర్వాతే. పెడల్ రాయిలా ఆగితే సరే. తడిసిన దిండులా మెత్తగా దిగితే గొట్టాల్లో ఎక్కడో గాలి చిక్కుకుందన్నమాట. బ్రేకు నూనె నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. అది నలిగిన మేరకు బ్రేకు పట్టదు. ఇరవై ఏడేళ్లుగా ఆ వీధిలో ఆయన కాలు చెప్పిందే తీర్పు.

"అందరూ బండ్లకు గాలి కొట్టి బతుకుతుంటే, నువ్వు గాలి తీసి బతుకుతున్నావు కదయ్యా!" అని ఎదురు షెడ్డు వెల్డరు నవ్వేవాడు. ఆ నవ్వులోంచే గాలిమామ అన్న పేరు పుట్టి, అసలు పేరును మింగేసింది.

గాలి తీయడం ఒంటిచేతి పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి, ఒకరు చక్రం పక్కన గొంతుకూర్చుని గాలి తీసే మర తిప్పాలి. పెళ్లయిన కొత్తలో ఒకరోజు సాయానికి మనిషి రాకపోతే భార్య వచ్చి కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడమే.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో."

"పట్టుకున్నా."

అప్పుడాయన మర వదులు చేస్తే నూనె, దాంతోపాటు బుడగలు, సన్న గొట్టంలోంచి సీసాలోకి దిగేవి. మర బిగించాకే "వదులు" అనేవాడు. ఆ మాట రాకముందే కాలు తీస్తే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆమె ఒక్కనాడూ తొందరపడలేదు. ఇంట్లో మాటలు మానేసిన రోజుల్లో కూడా షెడ్డులో ఈ మాటలు మాత్రం నడిచేవి.

ఆ రోజు వచ్చింది నర్సమ్మ కారు. కొండ మీది పల్లెలకు వెళ్లి కాన్పులు చూసే మనిషి. దిగేదంతా మలుపుల దారి. ముందు చక్రాలకు కాలిపర్లు, అంటే చక్రాన్ని బిగబట్టి ఆపే ఇనుప పిడికిళ్లు, రెండూ కొత్తవి వేశాడు. ఇద్దరూ కలిసి గాలి తీశారు. బుడగలు ఆగిపోయాయి. ఆమె దిగాక తాను ఎక్కి నొక్కాడు.

"రాయిలా ఉంది," అన్నాడు.

"నా కాలికి ఇంకొంచెం దిగినట్టే ఉందండీ."

"ఆహా! ఇన్నేళ్లకు నాకు పాఠం చెప్పేదానివయ్యావా?"

ఆమె బదులు చెప్పేలోపే నర్సమ్మ గేటు తోసుకుని వచ్చింది. "అయిపోయిందా బాబాయ్? తాళాలిస్తే బయల్దేరతాను."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. భార్య ముందుకొచ్చి స్టూలు జరిపింది. "కాసేపు కూర్చోమ్మా. లోపల ఇంకా తుడవలేదు."

పొద్దుటే శుభ్రంగా తుడిచిన కారు అది. తుడిచింది ఆవిడే. ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. నాలుగు రోజుల కిందటి సంగతి గుర్తొచ్చింది. షెడ్డు నుంచి వంటింటి దాకా నేల మీద నెత్తుటి మరకలు. ఆయన మడమలో ఇనుప ముక్క దిగబడి ఉంది. ఆవిడ కూర్చోబెట్టి తీసి, కడిగి, కట్టు కట్టేదాకా ఆయనకు తెలియనే తెలియదు. చక్కెర జబ్బని, కాళ్లకు స్పర్శ తగ్గొచ్చని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. ఆ సంగతి పరాయి మనిషి ముందు ఎత్తకుండా ఆవిడ తుడవడం మీద నెట్టింది.

ఆయన వెళ్లి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. కాలిపర్‌కు గాలి తీసే మర పైవైపు ఉండాలి. అది కిందికి ఉంది. రెండోవైపు చూశాడు. అక్కడా అంతే. ఇందాక తానే ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించాడు. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. మర కింద ఉంటే నూనె వస్తుంది, బుడగలు ఆగినట్టే కనిపిస్తాయి, గాలి మాత్రం పైన నిక్షేపంగా కూర్చునే ఉంటుంది. పని నేర్చుకునేవాళ్లు ఇలా చేస్తే చెవులు మెలిపెట్టిన మనిషాయన.

"నర్సమ్మా, తుడవడం కాదు తల్లీ. నేనే తప్పు బిగించాను. ఇంకో గంటన్నర పడుతుంది."

ఆమె ఆయన ముఖంలోకి చూసి స్టూలు మీద కూర్చుంది. "సూది వేసేముందు నేనూ మందు పేరు రెండుసార్లు చదువుకుంటాను బాబాయ్. కానివ్వండి."

విప్పి, మార్చి బిగించారు. మళ్లీ తొక్కు, పట్టుకో, వదులు. ఈసారి సీసాలో బుడగలు బుసబుసమంటూ వచ్చి, తగ్గి, ఆగాయి. ఆయన కారెక్కలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

సీట్లో ఉన్న భార్య కళ్లు మూసుకుని మరోసారి నొక్కింది. "రాయండీ."

నర్సమ్మ కారు వీధి చివర ఆగి, మలుపు తిరిగింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, భార్య వైపు తిరగకుండానే అడిగాడు:

"రేపట్నుంచి పొద్దున్నే బండ్లన్నీ నువ్వు తొక్కి చూస్తావుటే? టీ నేను పెడతాను."