ఎర్రదారం వాళ్ల బట్టలు

మా శివారు పట్టణాన్ని పొగడాలనుకున్నవాళ్లు మొదట బోర్డులు లెక్కపెడతారు. ఒక్క బజారులో నాలుగు లిపుల బోర్డులు, ఒక్క బస్సులో ఆరు భాషల తిట్లు, స్కూలు గేటు ముందు ఎన్ని రకాల అమ్మానాన్నలో! నిజమే, నేనూ లెక్కపెట్టాను. కానీ ఈ జనం ఎంతవరకు కలిశారో కచ్చితంగా చెప్పగలిగినవాడు బస్టాండు వెనక లాండ్రీ నడిపే మడత బాబాయి ఒక్కడే.

అది ఊరు పెట్టిన పేరు. ఆయన చొక్కా మడిచి ఇస్తే అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంటుంది. ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. సెక్యూరిటీ గార్డుల యూనిఫారాలు, హోటల్ వంటవాళ్ల కోట్లు, బ్యాంకు గుమాస్తాల ప్యాంట్లు అన్నీ ఆయన బల్లమీదికే వస్తాయి. ఏది ఎవరిదో తెలియడానికి కాలరు లోపలో, నడుము పట్టీ లోపలో దారంతో గుర్తు కుడతాడు. పాత కాలనీకి తెల్లదారం, బజారు వీధికి నీలం, స్టేషను వైపు పచ్చ. ఎన్ని కుట్లుంటే అన్నో ఇల్లు. మాది తెల్లదారం, నాలుగు కుట్లు.

ఎర్రదారం ఫ్యాక్టరీ వెనక ఫ్లాట్లది. పన్నెండేళ్ల కిందట ఆ ఫ్లాట్లలోకి కొత్తవాళ్లు దిగారు. వేరే మాట, వేరే తిండి, వేరే దేవుడు. వాళ్లు వచ్చిన నెలకే పాత కాలనీ నుంచి రిటైరైన హెడ్మాస్టరు గారు లాండ్రీకి వెళ్లి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని గొంతు తగ్గించారు.

"వాళ్లవీ మావీ ఒకే మిషన్లో కలిపి తిప్పుతున్నావటయ్యా?"

"ఇన్నాళ్లూ అందరివీ అంతే కదండీ."

"నాకేం పట్టింపు లేదయ్యా, నా సంగతి నీకు తెలుసుగా. మా ఆవిడే ఊరుకోవట్లేదు."

వారంలో మరో ముగ్గురు వచ్చారు. ఒకాయనకి అత్తగారి పట్టింపు, ఒకామెకి మొగుడి పట్టింపు, ఇంకొకాయనకి ఒంటిమీద దురద. సొంత పట్టింపు ఉన్నవాడు మాత్రం ఒక్కడూ రాలేదు. మడత బాబాయి ఎవరినీ కాదనలేదు. పాత సామాన్ల కొట్లో ఒక చిన్న మిషను కొని వెనకగదిలో పెట్టాడు. ఎర్రదారం బట్టలు అన్నిటికన్నా చివర, అందులో.

ఇక్కడితో ఆగితే పిరికివాడులే అని వదిలేయొచ్చు. హెడ్మాస్టరు గారు పోయి ఏడేళ్లయింది. దురద ఆయన ఊరు మారాడు. మిగతా ఇద్దరూ ఇళ్లలోనే వాషింగ్ మెషిన్లు కొనుక్కున్నారు. అడిగినవాళ్లలో ఒక్కరూ లాండ్రీ మెట్టెక్కడం లేదు. ఎర్రదారానికి వేరే మిషను మాత్రం సాగుతూనే ఉంది. ఎందుకయ్యా అని భార్య ఒకసారి అడిగితే "అలవాటైపోయిందిలేవే" అన్నాడట.

ఆ ఫ్లాట్లలో ఒక నర్సమ్మ ఉంది. పెద్దాసుపత్రిలో పని. ఈ వేసవిలో ఒక సాయంత్రం వచ్చి, తెల్లకోటు బల్లమీద పరిచి కాలరు తిప్పి చూపించింది.

"ఏం బాబాయ్, అప్పుడే మర్చిపోయావా మమ్మల్ని? కొత్త కోటుకి ఎర్రదారం ఏదీ?"

"కుడతాలేమ్మా."

"మా ఫ్లాట్లలో అందరికీ చెప్పాను, బాబాయి మనకోసం వేరే మిషను పెట్టాడు, బట్ట నలక్కుండా నెమ్మదిగా తిప్పుతాడని. మా అమ్మయితే కాలరు తిప్పి మరీ మురిసిపోతుంది. ఆదివారం మైకులో ఈ ముక్కే చెప్తా, చూడు."

ఆదివారం కాలనీల సంఘం ఐకమత్య సభ. ఏడాదికొక ఆదర్శ పౌరుణ్ణి ఎక్కడినుంచో వెతికి పట్టుకొస్తారు. ఈసారి సెక్రటరీ కన్ను అన్ని వీధుల బట్టలూ ఉతికే మనిషిమీద పడింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని నర్సమ్మను పిలిచారు.

మడత బాబాయికి ఆ రోజునుంచి అన్నం సహించలేదు. సభలో ముందు వరస పాత కాలనీదే. ఎర్రదారం అంటే ఏమిటో వాళ్లలో సగం మందికి తెలుసు. ఆమె మైకులో మురిసిపోతూ ఉంటే వాళ్లు తలలు వంచుకుని నవ్వుకోవడం ఆయన కళ్లకు కట్టింది. శనివారం ఆమె మూట తీసుకోవడానికి వచ్చినప్పుడు మొత్తం చెప్పేశాడు. నిజాయితీ పొంగుకొచ్చిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఆమెను మైకు దగ్గరికి పోకుండా ఆపాలి, అంతే.

నర్సమ్మ మూటను తిరిగి బల్లమీద పెట్టింది.

"పిల్లల గౌన్లు కూడానా?"

"అవీనమ్మా."

"మా చెల్లెలి పెళ్లి బట్టలు?"

"అవీను."

"ఎవరు చెప్పారు అలా చెయ్యమని?"

"వాళ్లెవరూ లేరమ్మా ఇప్పుడు."

"మరి ఇప్పుడెవరు చెప్తున్నారు?"

మడత బాబాయి ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపాడు. మళ్లీ వేశాడు.

"నేను మాట్లాడన్లెండి," అంది. "మీరే చెప్పండి. నేను కూర్చుని వింటాను." పన్నెండేళ్లలో ఆమె ఆయన్ని మీరనడం అదే మొదలు.

సభ స్కూలు హాల్లో జరిగింది. సెక్రటరీ జ్ఞాపిక చేతిలో పెట్టి ఆయన్ని మైకు ముందుకు నెట్టాడు. మూడో వరసలో నర్సమ్మ, పక్కన వాళ్లమ్మ. చెప్పేద్దామనే లేచానని తరవాత భార్య దగ్గర ఒట్టేశాడు. నోరు తెరిస్తే వచ్చింది పొద్దున సెక్రటరీ నేర్పిన వాక్యం.

"నాకు అందరి బట్టలూ ఒక్కటేనండీ."

హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ముందు వరస. నేనూ కొట్టాను. నాకూ తెలుసు. ఏమీ తెలియని నర్సమ్మ తల్లి కూడా సంబరంగా కొడుతోంది. నర్సమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని, మెల్లిగా ఒళ్లో పెట్టేసింది.

ఆ వారం ఫ్యాక్టరీ వెనకనుంచి బట్టలు రావడం ఆగలేదు. నడిచిపోయే దూరంలో ఇంకో లాండ్రీ లేదు, డ్యూటీకి యూనిఫారం కావాలి. కానీ వచ్చిన ప్రతి బట్టకీ ఎర్రదారం పీకేసి ఉంది. ఎవరో బ్లేడుతో ఓపిగ్గా తీశారు, సూది బెజ్జాలు మాత్రం మిగిలాయి. మడత బాబాయి చిన్న మిషనును పాత ఇనుము కొట్టుకు తోలేసి, అన్నిటినీ పెద్దదాన్లో కలిపి వేశాడు. ఆరేశాక, దారం లేనివాటిలో ఏది ఎవరిదో అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా వాళ్లు ఆయనకు ఎర్రదారం మూడు కుట్లు, ఎర్రదారం అయిదు కుట్లు. ఒక్కరి పేరూ అడిగింది లేదు.

ఒక నోటుపుస్తకం కొన్నాడు. మర్నాడు ఆ ఫ్లాట్ల సెక్యూరిటీ గార్డు మూట పెడుతుంటే పెన్ను తీశాడు.

"పేరు చెప్పండి బాబూ, రాసుకుంటా."

గార్డు మూటమీంచి చెయ్యి తియ్యలేదు.

"దేనికి? ఏ మిషన్లో వెయ్యాలో చూసుకోడానికా?"

"అయ్యో, కాదు బాబూ. అన్నీ కలిపే వేస్తున్నా."

"మొన్న హాల్లోనూ ఇలాగే చెప్పారుగా."

మడత బాబాయి గబగబా వెళ్లి వెనకగది తలుపు బార్లా తీశాడు. ఖాళీ నేల చూపించాడు. గార్డు అటు తల తిప్పలేదు, గోడమీది గడియారం చూసుకున్నాడు.

"ఎల్లుండికి కావాలండీ. నా బట్టలు నేను గుర్తుపడతాన్లెండి," అని బస్సుకు వెళ్లిపోయాడు.

నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ రోజు తేదీ ఒక్కటే ఉంది.