పట్టాల అవతలి పసివాడి బరువు

1990 చలికాలం. సిడ్నీ పడమటి శివార్లలో, పారమట్టా దాటి రైల్లో ఇంకొంత దూరం పోతే వచ్చే ఒక సబర్బులో నేను క్లినిక్ సిస్టర్‌ని. అంటే బేబీ హెల్త్ సెంటర్ నర్సుని. కాన్పయి ఇంటికొచ్చిన తల్లులు వారానికోసారి బిడ్డల్ని నా దగ్గరికి తెస్తారు. బరువు తూస్తాను, పొడవు కొలుస్తాను, మాడు తడిమి చూస్తాను, పాలు చాలుతున్నాయో లేదో తేలుస్తాను. ఎవరికీ పైసా ఖర్చు లేదు. నా జీతం రాష్ట్ర ప్రభుత్వానిది. క్లినిక్ నడిచే కమ్యూనిటీ హాలు తాళంచెవి మాత్రం సిటీ కౌన్సిల్‌ది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, గొడవంతా ఆ తాళంచెవి దగ్గరే వచ్చింది.

నా క్లినిక్‌లో ఒక రూలుండేది. బిడ్డను తూచాక తల్లి నాతో మాట్లాడుతున్నంతసేపూ, వరసలో తర్వాతున్న తల్లి ఆ బిడ్డను ఎత్తుకోవాలి. బట్టలు కూడా ఆమే తొడగాలి. కొత్తగా వచ్చినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. “పరాయివాళ్ళ బిడ్డను నేనా?” అని వెనక్కి జరిగేవాళ్ళు. “తల్లి చేతులు ఖాళీగా ఉంటేనే మనసులో మాట బయటికొస్తుందమ్మా, ఎత్తుకో” అని నేను చేతుల్లో పెట్టేసేదాన్ని. నా గొంతు కాస్త పెద్దది, ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

ఆ రూలు నేను కనిపెట్టింది కాదు. తెనాలి వైపు నేను నర్సింగ్ నేర్చుకున్న మిషన్ ఆసుపత్రి మేట్రన్ అమ్మగారిది. మా పల్లె ఊరికి కాలవ అవతల ఉండేది. పల్లె అంటే మా వైపు అంటరానివాళ్ళని వెలివేసి ఉంచిన వాడ. కాలవ దాటి ఊళ్ళోకి పోతే మమ్మల్ని ఎవరూ తాకేవాళ్ళు కాదు. అలాంటిది ఆ ఆసుపత్రి వరండాలో, ఊరి ఇల్లాలు పల్లె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చొక్కా తొడుగుతుంటే నా కళ్ళతో నేను చూశాను. మేట్రన్ అమ్మగారు ఎవరికీ నీతులు చెప్పలేదు. “ఎత్తుకోండి” అనేవారంతే!

ఇక మా సబర్బు సంగతి. రైలు పట్టాలకు ఇవతల మెరక. కొత్త ఇటుక ఇళ్ళు, ముందు పచ్చిక, వెనక బార్బెక్యూ. మా ఇల్లూ అక్కడే. పట్టాల అవతల ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే హౌసింగ్ కమిషన్ ఇళ్ళు. ఆ దేశపు ఆదివాసులైన అబొరిజినల్ కుటుంబాలు, వియత్నాం నుంచి పడవల్లో వచ్చినవాళ్ళు, ఒంటరి తల్లులు. అందరికీ క్లినిక్ ఒక్కటే. అది మెరక మీద ఉంది.

షారన్ పట్టాల అవతలి పిల్ల, అబొరిజినల్. ఇరవై కూడా నిండలేదు. కొడుకు డానీ నెలలు నిండకుండా పుట్టాడు. పిడికెడంత ఉండేవాడు. వారం తర్వాత వారం తూస్తున్నాను, కాటా ముల్లు కదలదు! పెద్దాసుపత్రికి రాసిస్తానంటే షారన్ మొహం తెల్లబోయేది.

“హాస్పిటల్‌కి మాత్రం వద్దు సిస్. మా నాన్‌ని చిన్నప్పుడు గవర్నమెంటోళ్ళే ఎత్తుకెళ్ళారు. వీణ్ణి కూడా తీసేసుకుంటే?” అంది. నాన్ అంటే నానమ్మ.

ఒకప్పుడు అబొరిజినల్ పిల్లల్ని ప్రభుత్వమే తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయేది, ఆ ఇంట్లో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ పిల్ల నమ్మి వచ్చే చోటు నా క్లినిక్ ఒక్కటే. అందుకని డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడి, టెస్ట్ వెయిట్ మొదలుపెట్టాను. పాలిచ్చే ముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి తూస్తాం. తేడా ఎంతో, అన్ని పాలు లోపలికి పోయినట్టు. వాడు రెండు గుక్కలకే అలసిపోయి నిద్రపోతున్నాడని తేలింది. అరికాలు గిల్లి లేపి, కొంచెం కొంచెంగా మాటిమాటికీ పట్టమన్నాను. “ఇంకో నాలుగు వారాలు చూద్దాం. కదలకపోతే మాత్రం నేనే నీ వెంట హాస్పిటల్‌కొస్తా, వాణ్ణెవరూ నీ చేతుల్లోంచి తీసుకోకుండా నేను చూస్తా” అని మాటిచ్చాను.

సరిగ్గా అప్పుడే మెరక మీద హడావుడి మొదలైంది. మా వీధిలో ప్రతి కంచెకీ పచ్చ పోస్టర్లు. ‘మన సిటీ మనకే!’ పాత కౌన్సిల్ నుంచి విడిపోయి మెరకను సొంత సిటీగా చేసుకోవాలని ఉద్యమం. ముందుండి నడిపించింది మిసెస్ డోరతీ. స్కూల్ టీచర్‌గా రిటైరైన మనిషి, చేతిలో ఎప్పుడూ స్కోన్‌లనే చిన్న బన్నుల డబ్బా. ఆమెను చెడ్డదనను. ఫుట్‌పాత్ లేక పిల్లలు రోడ్డు మీద నడుస్తున్నారు, క్లినిక్ గది కప్పు కారి బకెట్లు పెట్టుకుంటున్నాం, అన్నీ నిజాలే. మొదటి మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా ఆయన జోసెఫ్ పారమట్టాలో ఇంజనీరు. ఆయన ఉత్సాహం సంగతి అడక్కండి.

“రత్నా, మనకంటూ సెపరేట్ కౌన్సిల్ వస్తే హౌస్ వ్యాల్యూ ఎక్కడికో పోద్ది! పిటిషన్‌లో నీ పేరు కూడా రాసి సైన్ చేసేశా.”

“నా సంతకం మీరెట్టా పెడతారండీ? రేపు చర్చిలో నా బదులు సాక్ష్యం కూడా మీరే చెప్తారా?” అని ఇంతెత్తున లేచాను.

రెండో మీటింగులో మ్యాపు పెట్టారు. ఎర్ర గీత పట్టాల వెంట చక్కగా వచ్చి, హౌసింగ్ కమిషన్ ఇళ్ళు బయటికి పోయేలా ఆగింది. “ఈ ఇళ్ళో?” అన్నాను. “అవి పాత కౌన్సిల్ చూసుకుంటుంది. మన హాలు, మన లైబ్రరీ, మన క్లినిక్ మన రేట్‌పేయర్లకే” అంది డోరతీ. రేట్స్ అంటే ఇంటి పన్ను. పక్కన కూర్చున్న పెద్దమనిషి నా భుజం తట్టి, “నువ్వేం కంగారు పడకు డియర్, నువ్వు వాళ్ళలాంటిదానివి కాదు, మా మనిషివి” అన్నాడు.

ఎంత గొప్ప మాటో చూశారా! కాలవ అవతల పెరిగినదాన్ని, గీత ఎందుకు గీస్తారో నాకొకరు విడమరిచి చెప్పాలా? స్కోన్ ప్లేటులోనే వదిలేసి వచ్చేశాను. డానీకి మాత్రం ఇంకో క్లినిక్ అంటే రెండు బస్సులు మారాలి, ముక్కూ మొహం తెలియని నర్సు దగ్గరికి పోవాలి. షారన్ పోదు. ఆ సంగతి నాకు తెలుసు.

పబ్లిక్ హియరింగ్ ఎక్కడ పెట్టారనుకున్నారు? మా హాల్లోనే, గురువారం, నా క్లినిక్ రోజు! బుకింగు చూసుకోలేదట. నా గది కారుతోందని వారం వారం ఆ పెద్ద హాల్లోనే, హీటర్ పక్కన క్లినిక్ నడుపుతున్నాను. ప్రభుత్వం తరఫున విచారణకొచ్చిన అధికారి సన్నగా, పొడుగ్గా, మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు.

“సిస్టర్, ఈ ఒక్కరోజుకి వాయిదా వేసుకుంటారా?”

“బిడ్డలు వాయిదా వినరు సార్. హీటర్ ఇక్కడొక్కటే ఉంది. మీరు ముందు కూర్చోండి, మేం వెనక ఉంటాం. మావాళ్ళు అల్లరి చెయ్యరు” అన్నాను. ఎంత ధైర్యంగా అబద్ధం చెప్పానో!

ఆయన నవ్వి సరేనన్నాడు. హాలు కిక్కిరిసింది. ముందు కోట్లు, టైలు, మ్యాపు. వెనక తువ్వాళ్ళు, బిడ్డల్ని తోసుకొచ్చే ప్రాములు, బట్టల్లేని బిడ్డలు. మధ్యలో, హాలు కప్పూ ఒకచోట కారి, బకెట్లో టప్ టప్ మని వాన చుక్కలు. డోరతీ మైకు ముందు నిలబడి ఆ బకెట్‌నే చూపించింది. “చూడండి సార్, మా గతి ఇదీ!” జనం హోరెత్తించారు. బాగానే మాట్లాడుతోందిరా దేవుడా అనుకున్నాను.

నా వరసలో షారన్ వంతు వచ్చింది. ఆమె వెనక లిండా ఉంది, డోరతీ పెద్ద కోడలు. ఆమె పాప ఎమిలీ ప్రాములో నిద్రపోతోంది. డానీని కాటాలో పడుకోబెట్టాను. గుండు జరిపాను. ముల్లు ఆగలేదు. ఇంకా జరిపాను. అబ్బ! మళ్ళీ మొదట్నుంచి తూచాను. అదే. ఇంక నావల్ల కాలేదు. ఎక్కడున్నానో మర్చిపోయి, నోరారా తెలుగులో అరిచేశాను.

“పెరిగాడే! ఓరి నా బంగారు కొండా, పెరిగావురా!”

డోరతీ వాక్యం మధ్యలో ఆగిపోయింది. హాలంతా వెనక్కి తిరిగింది. షారన్ నా చెయ్యి పట్టుకుని, “ఏమైంది సిస్? ఏమైంది?” అంటోంది. “బరువు పెరిగాడే పిల్లా!” అన్నాను ఇంగ్లీషులో. తల్లులందరూ ఒక్కసారిగా చప్పట్లు. ఆ చప్పుడికి ఉన్న బిడ్డలందరూ ఏడుపు లంకించుకున్నారు. నా రూలు ప్రకారం డానీని అందుకున్న లిండా వాణ్ణి గుండెలకదుముకుని గెంతుతోంది. షారన్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది!

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ బాబుది ఏ ఇల్లు సిస్టర్?”

“మీ మ్యాపులో గీతకి అవతల సార్.”

“సిటీ విడిపోతే ఇక్కడికే వస్తాడా?”

“నన్నడక్కండి సార్. జీతం గవర్నమెంట్‌ది, తాళంచెవి కౌన్సిల్‌ది. కొత్త కౌన్సిల్ పెట్టేవాళ్ళనే అడగండి.”

డోరతీ గొంతు సవరించుకుంది. “వాళ్ళ కౌన్సిల్ వాళ్ళకి ఏర్పాట్లు చేస్తుంది. కొంత ఇబ్బంది తప్పదు.”

అప్పుడు లేచింది లిండా. పెళ్ళయిన దగ్గర్నుంచి అత్తగారి మాటకి ఎదురు చెప్పి ఎరగదని అందరూ అనుకునే పిల్ల. చంకలో డానీ, వాడికి ఒక కాలే తొడిగిన ప్యాంటు.

“డోరతీ, నాకు నిద్రలేక పిచ్చెక్కిపోతుంటే ఇక్కడే ఎమిలీని ఎత్తుకుని తిప్పింది షారన్. మీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు వీణ్ణి నేను ఎత్తుకున్నాను. గీత గీస్తే వీణ్ణి ఇక్కణ్ణుంచి పంపేసి ఎవరి చేతికివ్వను? చెప్పండి, ఎవరి చేతికివ్వను?”

అధికారి ఏదో రాసుకున్నాడు. చివరి వరసలో నిలబడ్డ మా ఆయన గబగబా మైకు దగ్గరికి పోయి, “సార్, పిటిషన్‌లో నా భార్య సంతకం ఆమెది కాదు, తీసేయండి. నాది కూడా తీసేయండి” అన్నాడు. హాలు గొల్లుమంది. ఆ రోజు ఇంటికెళ్ళాక ఆయనకి నాలుగు కూరలతో భోజనం పెట్టాను.

కొన్ని నెలలకు నిర్ణయం వచ్చింది. గీత గీయడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎవరి మాట వల్లో, ఏ లెక్కల వల్లో నాకు తెలియదు. ఆ కాగితంలో డానీ ఊసు లేదు. అయినా డానీ కేసు నాకు గుర్తుండిపోయింది అందుక్కాదు, హియరింగ్ తర్వాతి గురువారం వల్ల.

ఆ గురువారం లిండాకి జ్వరం. ఎమిలీని ప్రాములో తోసుకుంటూ డోరతీ వచ్చింది. నాతో మాటలు పొడిపొడిగా. వచ్చి కూర్చున్న చోటు, చూస్తే, షారన్ వెనకే. తల్లులందరూ నావైపే చూస్తున్నారు, నేనేం చేస్తానా అని. నేను డానీని తూచాను. ముల్లు మళ్ళీ కదిలింది. షారన్‌ని మాట్లాడటానికి కూర్చోబెట్టి, వాణ్ణి తువ్వాల్లో చుట్టి డోరతీ ముందు నిలబడ్డాను.

“సిస్టర్, నేను తల్లిని కాదు, నాయనమ్మని” అంది.

“రూలు అందరికీ ఒకటే. ఎత్తుకోండి” అన్నాను. మేట్రన్ అమ్మగారి గొంతే నా నోట్లోంచి వచ్చిందనిపించింది.

ఆమె చేతులు చాచింది. వాడు ఆమె మెడ గొలుసు పట్టుకుని లాగాడు. ఆమె నడుం కొద్దిగా వంగింది, వాణ్ణి సర్దుకుని భుజానికి ఎత్తుకుంది. తర్వాత షారన్ వైపు తిరిగి, మొదటిసారి ఆ పిల్ల కళ్ళలోకి చూసి అంది.

“బాగా బరువున్నాడే నీ కొడుకు.”

నెలల తరబడి వినాలని షారన్ ఎదురుచూసిన మాట అది. ఆ పిల్ల మొహం ఎంతలా వెలిగిపోయిందో నేను రాయలేను. డోరతీ కూర్చుని, వాడికి ఒక్కొక్క గుండీ పెట్టి చొక్కా తొడిగింది.

కాటా చెప్పే బరువు పుస్తకంలో రాసుకోవడానికి పనికొస్తుంది. మనిషి బరువు మాత్రం ఎత్తుకున్న చేతులకే తెలుస్తుందని ఆ గురువారం నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా నా క్లినిక్‌లో ఆ రూలు మార్చలేదు.