మూడో గేరులో చప్పుడు

క్లచ్ ప్లేటు మార్పించి కారు ఇంటికి తెచ్చుకున్న మరుసటి రోజు పొద్దున, కౌడిపల్లి దారిలో ఆ చప్పుడు మొదటిసారి విన్నాను. స్పీడ్ బ్రేకర్ దాటి, మూడో గేరు వేసి, రోడ్డు పైకెక్కే ఎక్కుడు మీద యాక్సిలరేటర్ తొక్కగానే ముందువైపు ఎక్కడో టక్ అంది. ఒక్కసారే. రేడియో కట్టేసి చెవులు రిక్కించాను. ఏమీ లేదు. రెండు కిలోమీటర్లు పోయాక ఇంకో ఎక్కుడు దగ్గర మళ్లీ టక్.

నేను కౌడిపల్లి అవతల ఒక ఊరి బడిలో సోషల్ టీచర్ని. ఉండేది మెదక్‌లో. ఏళ్ల తరబడి కౌడిపల్లి దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి ఆటోలో పోయి, నలభై దాటాక కారు నేర్చుకున్నాను. అందుకేనేమో, కారులో ఏ చిన్న తేడా వచ్చినా ముందు నా మీదే నాకు అనుమానం. ఆ రోజు పిల్లలు పాఠం పైకి చదువుతుంటే నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఫ్యాన్ కిర్రుమంటే తలెత్తాను. ఎవరో స్కేలు కింద పడేస్తే ఉలిక్కిపడ్డాను.

సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి పోయాను. నాలుగేళ్లుగా మా కారు చూసేది, ఈ క్లచ్ ప్లేటు మార్చింది కూడా అతనే. పని తెలిసినవాడు, మాట నెమ్మది. నేను చెప్పేది సగం విని తాళం కోసం చెయ్యి చాచాడు.

"మీరు పక్క సీట్ల కూసోండ్రి మేడమ్, నేను నడిపి చూస్త."

మార్కెట్ మీదుగా చౌరస్తా దాకా పోయి తిప్పుకొచ్చాడు. కారు కిమ్మనలేదు.

"చూసిండ్రా? ఏం లేదు. కొత్త ప్లేటు గదా, జర నాలుగు దినాలు తిరిగితే సెట్ అయితది."

నాలుగు రోజులు తిరిగాను. చప్పుడు పోలేదు. అది రాకపోయినా వస్తుందేమోనని భుజాలు బిగబట్టుకుని నడిపేదాన్ని. ఒకరోజు ఫోన్‌లో రికార్డు చేద్దామని డాష్‌బోర్డు మీద పెట్టాను. ఇంటికొచ్చి వింటే గాలి హోరు, లారీ హారను, మధ్యమధ్యలో నా నిట్టూర్పులు. టక్ మాత్రం లేదు.

మళ్లీ మెకానిక్ దగ్గరికి పోయాను. ఈసారి బానెట్ ఎత్తి అటూ ఇటూ తట్టి చూసి మూసేశాడు. "మీరు గేర్ జల్ది మారుస్తరు మేడమ్. రెండో గేర్ల పోవలసిన కాడ మూడో గేర్ ఏస్తరు. ఇంజన్ మీద జోరు పడ్తది."

"అయితే చప్పుడు అస్తున్నట్టే గదా?"

"చప్పుడు గాదు మేడమ్, జర గుంజుతది, గంతే."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. కారు నడపడం రాని ఆడమనిషి ఊహించుకుని వచ్చిందని అనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

ఇక మిగిలింది మా ఆయన. ఆయన చర్చిలో క్వయర్ నేర్పుతారు. నలభై మంది పాడుతుంటే ఒక్కరు రవ్వంత శ్రుతి తప్పినా చెయ్యెత్తి ఆపే మనిషి. ఆ చెవుల మీద మా ఇంట్లోనే కాదు, చర్చిలో అందరికీ నమ్మకం. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని కారులో ఎక్కించుకుని కౌడిపల్లి దిక్కు తీసుకెళ్లాను. స్పీడ్ బ్రేకర్, ఎక్కుడు, మూడో గేరు. టక్.

"ఇన్నరా?"

"ఏంది?"

"గిప్పుడే. టక్కుమన్నది."

ఆయన కిటికీ వైపు తల తిప్పుకున్నారు. "ఏం లేదు. ఊకె అదే మనసుల పెట్టుకున్నవ్."

ముందుకు పోయాక మరోసారి వచ్చింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మెకానిక్ కాదంటే కోపం వచ్చింది గానీ, ఈయన కాదంటే భయమేసింది. కారులో లేని చప్పుడు వినబడుతుందంటే అది నా తలలోనే ఉండాలి. అప్పటినుంచి ఇంట్లోనూ వెతకడం మొదలుపెట్టాను. వంటింట్లో కుక్కర్ మూత, బాత్రూంలో నల్లా, తలుపు గొళ్లెం, ప్రతిదీ టక్కుమన్నట్టే ఉండేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండేది కాదు.

వారానికొక రోజు హైదరాబాద్ నుంచి చెవుల డాక్టర్ వస్తాడని తెలిసి, "చూపించుకుంట" అన్నాను. మా ఆయన కూడా నా వెంట దవాఖానకు వచ్చారు. చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. ఏ కొంచెం చప్పుడు వినబడినా బటన్ నొక్కమన్నారు. దోమ రెక్కంత చప్పుడుకు కూడా నొక్కాను. డాక్టర్ కాగితం చూసి, "మీ చెవులకు ఏమీ కాలేదమ్మా. చాలా బాగున్నాయి" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆయన లేవలేదు. చేతిరుమాలు మడుస్తూ, విప్పుతూ కూర్చుని, "నాదొక్కసారి చూస్తరా సార్?" అన్నారు.

ఆ గది అద్దంలోంచి ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. నాకు చప్పుళ్లు ఎంత గబగబా వచ్చాయో గుర్తుంది. ఆయన వేలు మాత్రం బటన్ మీద చాలాసేపు కదలకుండా ఉండిపోయింది.

బయటికి వచ్చి కారులో కూర్చున్నాక చెప్పారు. "ఆర్నెల్ల సంది ఇట్లనే ఉంది. ఒక్కొక్కలు పాడితే మంచిగనే ఇనవడ్తది. అందరు కలిసి అందుకున్నరంటె ఎవలు తప్పుతున్నరో దొరుకుతలేదు. ఊకె తలూపుతున్న." సీటు బెల్టు లాక్కుంటూ అన్నారు, "ఆదివారం కారుల నాకేం ఇనవడలే. చప్పుడు లేదో, నాకు ఇనవడ్తలేదో తెల్వక లేదనేసిన."

నాకు కోపం రావాలి. ఇన్ని రోజులుగా నేను పడ్డ పరేషాన్ గుర్తొచ్చి కొంచెం వచ్చింది కూడా. కానీ ఆర్నెల్లు ఆ భయాన్ని ఒక్కడే మోసుకు తిరిగిన మనిషిని ఏమంటాను? "రిపోర్ట్ తీసుకొని పెద్ద దవాఖానల చూపిద్దాం" అని మాత్రం అన్నాను.

మర్నాడు బడికి ఒక పూట సెలవు పెట్టి మెకానిక్ షాపు ముందు కారు ఆపాను. అతను అలవాటుగా చెయ్యి చాచాడు. తాళం ఇవ్వలేదు.

"నేను నడుపుత. నువ్వు పక్కన కూసో."

ఊరు దాటేదాకా అతను మర్యాదకు ఏవో కబుర్లు చెప్పాడు. ఎక్కుడు దగ్గర నేను మూడో గేరు వేయబోతుంటే, "ఈడ రెండో గేర్ ఉండాలె మేడమ్" అన్నాడు.

"నేను రోజు ఇట్లనే పోత."

తొక్కాను. టక్.

అతను ముందుకు వంగాడు. ఏసీ కట్టేసి, అద్దం దించి, "మల్లొక్కసారి" అన్నాడు. మళ్లీ వచ్చింది. రోడ్డు పక్కన ఆపమన్నాడు. బానెట్ ఎత్తి పక్కకు జరిగి నిలబడ్డాడు. "బ్రేకు గట్టిగ తొక్కి పట్టుండ్రి. ఫస్ట్ గేర్ ఏసి క్లచ్ జర జర ఇడువుండ్రి." వదులుతుంటే ఇంజను మొత్తం ఒక పక్కకు లేచినట్టయి టక్కుమంది. అతను తల పట్టుకున్నాడు.

క్లచ్ మార్చడానికి గేర్ బాక్స్ దించినప్పుడు, దాన్ని బాడీకి పట్టి ఉంచే బోల్టు విప్పాడట. మళ్లీ ఎక్కించాక దాన్ని చేత్తో తిప్పి వదిలేశాడు, రెంచు పెట్టి బిగించలేదు. అతను నెమ్మదిగా నడిపినప్పుడు ఇంజను ఊగలేదు, అందుకే చప్పుడు రాలేదు. నేను తొందరపడి మూడో గేరు వేసినప్పుడల్లా ఊగింది.

షాపుకు తిరిగొచ్చి బోల్టు బిగించాక చేతులు తుడుచుకుంటూ నా ముందు నిలబడ్డాడు. "ఆ దినం మా చెల్లెకు నొప్పులని ఫోన్ వచ్చింది మేడమ్. గడబిడల మర్చిపోయిన. మీరు రెండు సార్లు వచ్చి చెప్పిండ్రు, నేనే ఇనలే. తప్పు నాదే."

ఎన్ని మాటలు అనాలనుకుని వచ్చానో! నోట్లోంచి వచ్చింది మాత్రం, "చెల్లె మంచిగుందా?" అని.

"మంచిగుంది మేడమ్. ఆడివిల్ల పుట్టింది."

మధ్యాహ్నం బడికి పోయేటప్పుడు కారు ఏ ఎక్కుడు దగ్గరా ఏమీ అనలేదు. నా భుజాలు మాత్రం ఇంకా బిగుసుకునే ఉన్నాయి. అవి సడలడానికి పది రోజులు పట్టింది.

నెల తిరగకముందే హైదరాబాద్‌లో ఆయనకు చెవి మిషన్ ఇప్పించాం. మొదట్లో అది ఎక్కువగా డబ్బాలోనే ఉండేది. పెట్టుకుంటే పళ్లెం చప్పుడు కూడా పిడుగులా ఉందని విసుక్కునేవారు. నేను బలవంతం చేయలేదు. ఒక శనివారం ప్రాక్టీసు నుంచి చెవిలో మిషన్‌తోనే వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలోనే నిలబడి అన్నారు: "రెండో వరసల ఇద్దరు తప్పు పాడుతున్నరు. ఎన్ని దినాల సంది పాడుతున్నరో ఏమో!"