సారు చేసే ఫోన్

దయ్యాల మాట ఎత్తితే అక్కడినుంచి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. ఇది రాస్తున్నది ఒక తప్పు ఒప్పుకోవడానికి.

ఎనుమాముల మార్కెట్ దగ్గర మా డాక్టర్ సారు చిన్న దవాఖాన నడిపేవారు. జ్వరమైనా, తేలు కుట్టినా, మిర్చి ఘాటుకు ఊపిరాడకపోయినా అందరూ అక్కడికే పోయేవారు. మనిషి గుమ్మం నుంచి కుర్చీ దాకా నడిచే తీరు చూసి సగం రోగం చెప్పేవారు. పెద్దాసుపత్రికి పంపాల్సివస్తే చీటీ రాసి ఊరుకునేవారు కాదు. రోగి బయలుదేరకముందే అక్కడికి తానే ఫోన్ చేసేవారు. "మనోడు వస్తాండు. గ్యాస్ అంటడు, నమ్మకుండ్రి."

నాలుగేళ్ల కిందట ఛాతీలో మంట అంటే మా నాయనను తీసుకెళ్లాను.

"ఇది గుండె బిడ్డా. ఇటునుంచి ఇటే పో" అన్నారు సారు. నా ముందే ఫోన్ చేశారు.

కానీ ఆ పొద్దున మార్కెట్లో మా మిర్చి ఉంది. "గ్యాసేరా, ముందుగాల కాంటా కానీ" అన్నాడు నాయన. నాకూ ఆ మాటే నచ్చింది. బస్తాల తూకం అయ్యేసరికి నాయన బస్తాలకు ఆనుకుని ఒరిగిపోయి ఉన్నాడు.

"డాక్టరే గ్యాసని చెప్పి పంపిండు" అని ఊరంతా చెప్పుకున్నాను. కొందరు ఆయన దగ్గరికి వెళ్లడం మానేశారు. సారు ఎవరితోనూ నిజం చెప్పలేదు. బజార్లో ఎదురైతే, "అమ్మ బీపీ గోలీలు ఏసుకుంటాందా?" అని అడిగేవారు. నేను తల తిప్పుకునేవాణ్ణి.

పోయిన ఏడాది ఆయన చనిపోయారు. చివరిచూపుకు కూడా నేను వెళ్లలేదు.

తర్వాత రెండు నెలలకు, పట్టపగలు, అదే మార్కెట్లో నాకు అదే మంట. గ్యాసే అనుకోబోయి, నాయన గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కాను. పెద్దాసుపత్రి గేటు దగ్గర ఒక నర్సు చక్రాల కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను పేరు పెట్టి పిలిచింది.

"గ్యాస్ అంటవట గదా అన్నా. కూసో."

స్టెంట్ వేశారు. బతికాను.

ఎవరు చెప్పారని తర్వాత ఆమెను అడిగాను. ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడంది. రిజిస్టర్ చూపించింది. నా పేరు రాసిన సమయానికి నేనింకా బస్తాల దగ్గరే ఉన్నాను. ఆమె ఆ ఉద్యోగంలో చేరి నెల. మా సారు పేరు కూడా వినలేదు.

ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నాయన విషయంలో తప్పు నాది, సారుది కాదు. ఆ ఒక్కటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

ఫోన్ పెట్టేసేముందు ఆ పెద్దాయన ఇంకో మాట అన్నాడట. అదేమిటో ఆమెకు అర్థం కాలేదట.

"పోయినసారి మీరు ఎదురుచూసిండ్రు, రాలే. ఈసారి వస్తడు."