వంట మేస్త్రికి పథ్యం

మా ఆయన వంట మేస్త్రి. సామర్లకోట చుట్టుపక్కల ముప్పై ఏళ్లపాటు పెళ్లిళ్లకీ, చర్చి విందులకీ వండారు. గుండిగ మూత తీయకుండానే, బయటికొచ్చే ఆవిరి వాసన పట్టి లోపల పులుసు ఎంతవరకు మరిగిందో చెప్పేవారు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మాకు పిల్లల్లేరు. బయట వంట ఆయనది, ఇంట్లో వంట నాది. నేను ఏం వండినా వంక పెట్టేవారు కాదు. "స్కూలుకెళ్లొచ్చి వండటమే ఎక్కువ, టీచర్ గారూ" అనేవారు. అది మెచ్చుకోవడం కాదని నాకూ తెలుసు.

నేను రిటైరైన ఏడాదే ఆయన పాదాలు వాచడం మొదలైంది. రోజంతా పొయ్యిల దగ్గర నిలబడతారు కదా, అందుకే అనుకున్నాం. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు అప్పటికి ఎన్నో ఏళ్లుగా మింగుతున్నారు. ఒకరోజు మెట్టు ఎక్కలేక ఆయాసపడితే కాకినాడ తీసుకెళ్లాను. రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరు గారు చిన్న వయసు అమ్మాయి. రెండు కిడ్నీలూ కలిపి నూటికి పదిహేను పాళ్లు కూడా పనిచేయడం లేదని, ఆ పదిహేనునీ కొన్నాళ్లు కాపాడుకోవడం తిండి మీదే ఆధారపడి ఉందని చెప్పింది. తిండి అన్న మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపే చూసింది.

పక్క గదిలో ఇంకో అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. ఒకవైపు తినదగ్గవి, రెండోవైపు తినకూడనివి. తినకూడని వైపు కాగితం నిండిపోయింది. అరటిపండు, కొబ్బరినీళ్లు, టమాటా, కంద, ఆకుకూరలు, పప్పులు, ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు. నీళ్లు రోజు మొత్తానికి లీటరు, కాఫీ మజ్జిగతో కలిపి. ఉప్పు చెంచాలో సగం. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి నా చేతికిచ్చారు.

"పెళ్లి మెనూ మొత్తం ఈ పక్కనే ఉందే" అన్నారు.

అప్పటినుంచి నా రోజు నీళ్లు పారబోయడంతో మొదలయ్యేది. కూరగాయలు పల్చగా తరిగి, గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. మళ్లీ ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి అవీ పారబోయాలి. అన్నం కూడా ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చాలి. ఇంత చేశాక బీరకాయో సొరకాయో తెల్లగా, మెత్తగా, ఏ వాసనా లేకుండా మిగిలేది. దాన్ని అర చెంచా నూనెలో పోపు పెట్టి కంచంలో వేసేదాన్ని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నమిలేవారు. నేను కూడా అదే తింటానంటే ఒప్పుకోలేదు. "ఇద్దరం ఎందుకు, నువ్వైనా కూడు తిను" అన్నారు. దాంతో నేను వంటింట్లో తలుపు చాటున ఆవకాయ కలుపుకుని గబగబా తినేదాన్ని. వాసన ఆయన దాకా వెళ్లేదేమో. ఎప్పుడూ అడగలేదు.

వంటలకి పిలుపులు వస్తూనే ఉండేవి. కూర్చుని పని చెప్తానని వెళ్లేవారు. ఒకసారి పెద్దాపురం పెళ్లినుంచి వచ్చాక చూస్తే, పొద్దున ఉన్న వాపు సాయంత్రానికి మోకాళ్ల దాకా పాకింది.

"ఏవండీ, అక్కడ ఏమైనా తిన్నారా?"

"నాలుకకి తగిలించి ఉమ్మేశానే. రుచి చూడకుండా జనానికి ఎలా పెట్టమంటావు?"

నేను అరిచాను. ముప్పై మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టిన గొంతు అది, ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వాడలేదు. ఆయన తలొంచుకుని విన్నారు. మర్నాడు తన గరిటెలూ, పెద్ద గుండిగలూ తన దగ్గర పని నేర్చుకున్న ఒకాయనకి ఇచ్చేశారు. నేను ఆపలేదు. నెగ్గాననే అనుకున్నాను.

పథ్యం మొదలై ఏడాది కావొచ్చింది. మనిషి సన్నబడ్డారు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటున్నారు. ఆ రోజుల్లోనే ఒకసారి సామర్లకోటలో సరుకులకి వెళ్లినప్పుడు కొట్టాయనతో, మా ఆయన ఉప్పు లేక అన్నం తినలేకపోతున్నారని చెప్పాను. ఆయన లోపల్నుంచి ఒక ప్యాకెట్ తెచ్చిచ్చాడు. "ఇది తక్కువ సోడియం ఉప్పండి. బీపీ ఉన్నోళ్లందరూ ఇదే పట్టుకెళ్తున్నారు. మామూలు ఉప్పులాగే ఉంటాదండి." పాపం, మంచి మనసుతోనే ఇచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాలు ఉన్నాయి. జీవితమంతా పిల్లలకి చదవడం నేర్పినదాన్ని, అవి చదవలేదు.

ఆ రాత్రి బీరకాయ కూర తింటూ ఆయన తలెత్తి చూశారు. రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. నేను ఉప్పు సంగతి చెప్పాను. పది రోజులు ఇల్లు మామూలు ఇల్లులా ఉంది. పదకొండో రోజు పొద్దున కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయారు. కాళ్లు తనవి కావన్నట్టు కిందికి చూస్తున్నారు. గుండె ఒకసారి కొట్టుకుని, ఇంకోసారి కొట్టుకోవడానికి ఆలోచిస్తున్నట్టుంది అన్నారు. పక్కింటివాళ్ల కారులో కాకినాడ వెళ్లేసరికి మాట కూడా ముద్దగా అయిపోయింది.

మెడ దగ్గర గొట్టం పెట్టి అప్పటికప్పుడు డయాలిసిస్ మొదలుపెట్టారు. డాక్టరు గారు నన్ను బయటికి పిలిచి, ఏం పెట్టారో అన్నీ చెప్పమంది. ఉప్పు ప్యాకెట్ పేరు చెప్పగానే కళ్లు మూసుకుంది.

"అమ్మా, అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఫరవాలేదు. ఈయన ఒంట్లోంచి అది బయటికి పోదు. గుండె ఆగిపోయేది."

"నేనే పెట్టానండి" అన్నాను.

"మీకు తెలియదు కదమ్మా."

"చదవడం వచ్చండి నాకు."

సాయంత్రం లోపలికి పంపారు. మెడకి గొట్టంతో పడుకుని ఉన్న మనిషి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఏడవకు. ఏడాదిలో నీ కూర కూరలా ఉంది ఆ పది రోజులే" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

ఆ పదిహేను పాళ్లూ పోయాయి. వారానికి మూడుసార్లు కాకినాడ వెళ్లడం మొదలైంది. నా కిడ్నీ ఇస్తానన్నాను. నాకు షుగరుందని పరీక్షల్లో తేలింది, కుదరదన్నారు. డయాలిసిస్ మొదలయ్యాక కాగితం కూడా మారింది. ఇంతకుముందు వద్దన్న గుడ్లూ చేపలూ ఇప్పుడు తప్పకుండా తినాలట. మిషను ఒంట్లో బలాన్ని కూడా లాగేస్తుందట. ఏడాదిపాటు నేను తలుపు దగ్గర కాపలా కాసి ఆపినవాటిని ఇప్పుడు బతిమాలి పెట్టాలి. కానీ అప్పటికి ఆయనకి తినాలని లేదు. చేప వాసనకే వాంతి వచ్చేది. గుడ్డులో తెల్లసొన ముక్కలు చేసి పెడితే మాత్రలు మింగినట్టు మింగేవారు. మిగిలిన పచ్చసొనలు గోడ మీద పిల్లులకి పెట్టేదాన్ని. ఆ ఏడాది మా వీధిలో పిల్లులు బాగా బలిశాయి.

రెండో వేసవి వచ్చేసరికి డయాలిసిస్ మధ్యలో బీపీ పడిపోవడం మొదలైంది. నాలుగు గంటలు చేయాల్సింది రెండు గంటలకే ఆపేస్తున్నారు. గుండె బాగా బలహీనపడింది అన్నారు. ఒకరోజు ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుండగా డాక్టరు గారు నన్ను పక్కకి తీసుకెళ్లింది.

"ఇంక పథ్యం పట్టింపు వద్దమ్మా. ఆయనకి ఏది తినాలనుంటే అది పెట్టండి."

కాసేపు ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

ఆటోలో ఆయనకి ఆ మాట వరకే చెప్పాను. "ఏది కావాలంటే అది తినొచ్చన్నారండి."

"నిజంగా అందా?" అని నా వైపు తిరిగారు. ఆ తర్వాత వేళ్లు మడుస్తూ మొదలుపెట్టారు. "రేపు ఆవ పెట్టి కందా బచ్చలీ. ఎల్లుండి మామిడికాయ పప్పు. ఆదివారం కొరమేను పులుసు. రాసుకో, మర్చిపోతావు." స్కాన్ కవరు వెనకాల రాశాను. తొమ్మిది అయ్యాయి. ఆటో ఆయనకి మేస్త్రి గారంటే తెలుసు. వెనక్కి తిరిగి, "ఏంటండీ మేస్త్రి గారూ, పెళ్లి ఒప్పుకున్నారా?" అన్నాడు.

"ఒప్పుకున్నానయ్యా" అన్నారు ఈయన.

మర్నాడు వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కంద ఎంత ముక్క తరగాలో, ఆవ ఎప్పుడు నూరాలో, చింతపండు ఎప్పుడు పిండాలో చెప్తుంటే చేశాను. ముక్కలు ఉడికాక అలవాటుగా నీళ్లు వంపబోయాను. "ఉంచవే, వాటిని ఉంచు" అన్నారు. పెళ్లయ్యాక ఆయన దగ్గర నేను వంట నేర్చుకున్నది ఆ ఒక్కరోజే. కూర దించాక నేను రుచి చూశాను. అంత బాగా నేనెప్పుడూ వండలేదు.

ఆయన మొదటి ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు. తర్వాత కంచం వైపు చూస్తూ, మెల్లిగా అడిగారు.

"ఉప్పేశావా?"

"వేశానండి. సరిపోయింది."

"ఆవ?"

"మీరు చెప్పినంతే."

ఇంకో ముద్ద పెట్టుకుని, చాలాసేపు నమిలి, మింగారు. "ఇనప మేకు చప్పరించినట్టుంది" అన్నారు. కంచం పక్కకి జరిపారు. కాసేపటికి, "డాక్టరమ్మ ఇంకేమంది?" అన్నారు.

"ఏమీ అనలేదు."

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు, టీచర్ గారూ."

నేను కంచం తీయడానికి వంగాను. తీయలేక అలాగే కింద కూర్చుండిపోయాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి ఉంచారు. ఇద్దరం మాట్లాడుకోవాల్సింది అప్పుడే అని తర్వాత అనిపించింది.

కవరు మీద రాసుకున్న తొమ్మిదిట్లో మూడే వండాను. మామిడికాయ పప్పు నాలుగు ముద్దలు తిన్నారు, నా కోసమే తిన్నారు. కొరమేను పులుసు వాసన పడక ఆదివారం మధ్యాహ్నం కిటికీలన్నీ తెరిపించారు. అది పక్కింటికి ఇచ్చేశాను. తర్వాత వారం డయాలిసిస్ మొదలైన అరగంటకి బీపీ పడిపోయింది. మళ్లీ లేవలేదు. నేను బయట బెంచీ మీద, డబ్బాలో ఇడ్లీ పట్టుకుని కూర్చున్నాను.

సమాధి దగ్గర పాస్టరు గారూ, సంఘంలో పెద్దవాళ్లూ, ఆయనతో కలిసి వండినవాళ్లూ అందరూ ఒకే మాట అన్నారు. బాగా చూసుకున్నావమ్మా, అంత పథ్యం ఎవరు చేస్తారు అని. అందరికీ తలాడించాను. ఆయన్ని ఏడాది ఎక్కువ బతికించానో, ఆయనకి తినగలిగే శక్తి ఉన్న ఆఖరి ఏడాదిని నేనే పారబోశానో నాకు తెలియదు. డాక్టరు గారిని అడిగితే మొదటిదే అంటుంది. అందుకే అడగలేదు.