తెల్ల డాబాల సుభద్రగారు

నిన్న దోహాలో, మా నజ్మా పేటలో నాలుగు చినుకులు పడ్డాయి. తడిసిన దుమ్ము వాసన తగలగానే సుభద్రగారు గుర్తొచ్చారు. దోహాలో ఎటు చూసినా క్రేన్లే లేచిన రోజుల్లో, ఉపగ్రహ చిత్రాలు చదివే మా చిన్న ఆఫీసుకు ఆవిడే పెద్ద. కాకినాడ మనిషి. అంతకుముందు ఏదో చలిదేశంలో, ఊరి దుమ్ము మంచును ఎంత నల్లబరుస్తుందో ఆకాశం నుంచి కొలిచారట. నాకు పని నేర్పిందీ ఆవిడే, తలంటిందీ ఆవిడే.

ఊరి శివారు మెసైమీర్‌లో ఒక పెద్ద కట్టడం పక్కనే కార్మికుల క్యాంప్ ఉండేది. అక్కడి వాళ్లను పీడిస్తున్న దుమ్ము ఎక్కడిదో తేల్చమని కట్టించే కంపెనీయే మాకు పని ఇచ్చింది. కట్టడానిదే అని తేలితే వాళ్లు నీళ్లు చల్లించాలి, మట్టి గుట్టలకు టార్పాలిన్లు కప్పాలి. మా ఆఫీసు నడిచేదే ఆ కంపెనీ పనుల మీద. వాళ్ల మేనేజరు హైదరాబాదు వాడు.

"ఎడారిల దుమ్ము గాక మంచు కురుస్తదా మేడమ్?" అని నవ్వాడు.

"మంచు లేకపోతే ఏవైందండీ, తెల్ల డాబాలున్నాయిగా!" అన్నారావిడ.

వాన కడిగిన తెల్ల డాబా చిత్రంలో మెరుస్తుంది, రోజులు గడిచేకొద్దీ మాసిపోతుంది. ఎడారి దుమ్మే అయితే కట్టడానికి కాస్త దూరాన ఉన్న అబూ హమూర్ పేట డాబాలూ, దాని పక్కవీ ఒకేలా మాయాలి. కట్టడం చుట్టూ ఉన్నవి చాలా ముందే మాసిపోయాయి. మేం సంబరపడేలోగా ఒక్క డాబా మా కొంప ముంచింది. కట్టడాన్ని ఆనుకున్న క్యాంప్‌ది మాత్రం తెల్లగా మెరుస్తూనే ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేద్దామని ఆఫీసులో అందరం అన్నాం.

"నచ్చనిది తీసేస్తే అది కొలతెలా అవుతుందయ్యా? కారు తియ్యి, యల్లా, పద!" అన్నారావిడ.

క్యాంప్ డాబా మీద అక్కడి కార్మికుడు, జగిత్యాల మల్లయ్య చీపురు పట్టుకుని కనిపించాడు.

"శుక్రారం సెలవు గద, అందరం గల్సి కూర వండుకోని ఈడనే కూసోని తింటమమ్మా. కడగకుంటే అన్నంల దుమ్మే," అన్నాడు. నీళ్ల ట్యాంకు వెనక, చీపురు అందని మూలలో ఆవిడ వేలు పెడితే దుమ్ములో దిగబడింది.

మీటింగులో మేనేజరు చిత్రంలో సరిగ్గా ఆ డాబా మీదే వేలు పెట్టాడు. "మా గోడకే ఆనుకోని ఉన్నది, తెల్లగనే ఉన్నది గదా?"

"అది వాళ్లు కడుక్కున్నదండీ. మీరు చల్లాల్సిన నీళ్లు వాళ్లు చల్లుకుంటున్నారు," అన్నారావిడ.

ఆ నెలలోనే నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. కంపెనీ మాకు మళ్లీ పని ఇవ్వలేదు. కొత్త పనులు దొరికేదాకా కటకటలాడినా ఆవిడ జంకలేదు. తర్వాతి చలికాలం చిత్రాల్లో ఆ కట్టడం చుట్టూ డాబాలన్నీ తెల్లగా కనిపిస్తే, "ఇక శుక్రవారం వాళ్లు తీరిగ్గా తింటారు," అని మురిసిపోయారు.

ఇవాళ ఆవిడ కుర్చీలో నేనున్నాను. లెక్కకు లొంగని చుక్క కనిపిస్తే చెరపనివ్వను. ముందు అక్కడికి వెళ్లి ఆ ఇంటి మనిషితో మాట్లాడి రమ్మంటాను. ఈ చాదస్తం ఎవరు నేర్పారని అడిగితే, సుభద్రగారి పేరు గర్వంగా చెబుతాను.